నేరం ఒప్పుకున్నాక వెనక్కి తీసుకోవచ్చా? నేరాంగీకార ఉపసంహరణపై చట్టం, న్యాయస్థానాలు చెబుతున్నదేమిటి

న్యాయస్థానంలో అభియోగం చదివి వినిపించిన తరువాత ‘నేరం ఒప్పుకుంటున్నాను’ అని చెప్పిన నిందితుడు, ఆ మాటను వెనక్కి తీసుకోవచ్చా? భారత క్రిమినల్ ప్రక్రియా చట్టంలో ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పే సెక్షన్ లేదు. నేరాంగీకారాన్ని ఎలా నమోదు చేయాలో, దాని ఆధారంగా ఎలా శిక్షించవచ్చో చట్టం చెప్పింది. ఉపసంహరించుకునే విధానాన్ని మాత్రం విడిగా చెప్పలేదు. అంతమాత్రాన నిందితుడికి దారి పూర్తిగా మూసుకుపోయినట్లు కాదు. న్యాయమూర్తి దోషిగా నిర్ధారించక ముందు ఆ దారి విశాలంగానే ఉంటుంది. తీర్పు వెలువడిన తరువాత బాగా ఇరుకవుతుంది. ఈ రెండు దశల మధ్య తేడా తెలియక నష్టపోయేవారిలో పేదలు, చదువు లేనివారు, న్యాయవాది అండ లేనివారే ఎక్కువ.

నేరాంగీకారం వేరు, వాంగ్మూలం వేరు

వ్యవహారంలో ‘నేరం ఒప్పుకున్నాడు’ అన్న మాటను మూడు వేర్వేరు సందర్భాలకు వాడుతుంటారు. మొదటిది పోలీసుల ఎదుట ఒప్పుకోవడం. పోలీసు అధికారికి ఇచ్చిన నేరాంగీకార వాంగ్మూలాన్ని నిందితుడికి వ్యతిరేకంగా రుజువు చేయడానికి వీల్లేదని భారతీయ సాక్ష్య అధినియం 23వ సెక్షన్ చెబుతోంది. ఆ మాటల ఆధారంగా ఏదైనా వస్తువు దొరికితే, దానికి సంబంధించినంత మేరకే మినహాయింపు ఉంది.

రెండవది దర్యాప్తు దశలో మేజిస్ట్రేట్ ఎదుట ఇచ్చే వాంగ్మూలం. భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 183వ సెక్షన్ కింద దీనిని నమోదు చేస్తారు. వాంగ్మూలం ఇచ్చితీరవలసిన నిర్బంధమేమీ లేదని, ఇస్తే అది తనకు వ్యతిరేకంగా సాక్ష్యం కావచ్చునని మేజిస్ట్రేట్ ముందుగా హెచ్చరించాలి. ఇలాంటి వాంగ్మూలాన్ని నిందితుడు తరువాత కాదన్నా, అది స్వచ్ఛందమైనదని, నిజమని న్యాయస్థానం నమ్మితే పరిగణనలోకి తీసుకోవచ్చు. అయితే ఇతర సాక్ష్యాల బలం లేకుండా కేవలం దానిమీదే శిక్ష వేయడం వివేకం కాదని 1963లో ప్యారేలాల్ భార్గవ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

మూడవది, ఈ వ్యాసానికి విషయమైనది, విచారణ ఆరంభంలో అభియోగానికి నిందితుడు ఇచ్చే జవాబు. మొదటి రెండూ సాక్ష్యానికి సంబంధించినవి. మూడవది అలా కాదు. సాక్షులను విచారించే అవసరమే లేకుండా కేసును అక్కడితో ముగించగల శక్తి దానికి ఉంది. అందువల్ల దాని పర్యవసానమూ తీవ్రంగా ఉంటుంది.

ఏ దశలో అడుగుతారు?

1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ స్థానంలో 2024 జూలై 1 నుంచి భారతీయ నాగరిక్ సురక్షా సంహిత అమలులోకి వచ్చింది. నేరాంగీకారానికి సంబంధించిన పాత నిబంధనలు కొత్త సంఖ్యలతో దాదాపు యథాతథంగా కొనసాగుతున్నాయి.

సెషన్స్ కోర్టులో అభియోగం ఖరారైన తరువాత దానిని నిందితుడికి చదివి, వివరించి, నేరం ఒప్పుకుంటారా లేక విచారణ కోరుతారా అని అడగాలి. ఒప్పుకుంటే న్యాయమూర్తి ఆ మాటను నమోదు చేయాలి, తన విచక్షణ మేరకు దాని ఆధారంగా దోషిగా నిర్ధారించవచ్చు. ఇది 252వ సెక్షన్. మేజిస్ట్రేట్ విచారించే వారంట్ కేసులకు 264వ సెక్షన్, అంతకన్నా చిన్నవైన సమన్స్ కేసులకు 275వ సెక్షన్ వర్తిస్తాయి. సమన్స్ కేసుల్లో అదనంగా మరో నియమం ఉంది. నిందితుడు పలికిన మాటలనే వీలైనంత దగ్గరగా రాయాలి.

స్వల్ప నేరాల్లో మేజిస్ట్రేట్ ప్రత్యేక సమన్లు పంపినప్పుడు, కోర్టుకు రాకుండానే నేరం ఒప్పుకుంటూ లేఖతో పాటు జరిమానా పంపే వెసులుబాటు ఉంది. నిందితుడు అధికారమిచ్చిన న్యాయవాది కూడా ఆయన తరఫున ఒప్పుకోవచ్చు. తీవ్రమైన నేరాల్లో మాత్రం నిందితుడే స్వయంగా జవాబు చెప్పాలన్నది న్యాయస్థానాలు పాటిస్తున్న పద్ధతి.

కొత్త చట్టంలో గమనించదగ్గ మార్పు ఒకటుంది. సెషన్స్ కేసుల్లో నిందితుడు ప్రత్యక్షంగా ఉన్నా, ఆడియో-వీడియో సాధనాల ద్వారా హాజరైనా అభియోగాన్ని చదివి వినిపించవచ్చని 251వ సెక్షన్ చెబుతోంది. దీనివల్ల సమయం కలిసివస్తుంది. కానీ జైలు గదిలో తెర ముందు కూర్చున్న మనిషికి ప్రశ్న అర్థమైందా, పక్కన న్యాయవాది ఉన్నారా, ఎవరి ఒత్తిడీ లేకుండా జవాబు ఇచ్చారా అన్నది నిర్ధారించుకోవలసిన బాధ్యత న్యాయమూర్తిపై మరింత పెరుగుతుంది.

‘నిర్ధారించవచ్చు’ అన్న మాటలోనే రక్షణ

ఈ సెక్షన్లన్నింటిలో రెండు క్రియలు పక్కపక్కన ఉన్నాయి. నేరాంగీకారాన్ని న్యాయమూర్తి నమోదు ‘చేయాలి’. దాని ఆధారంగా దోషిగా ‘నిర్ధారించవచ్చు’. మొదటిది విధి, రెండవది విచక్షణ. నిందితుడు ఒప్పుకున్నంత మాత్రాన శిక్ష వేసి తీరాలన్న నిబంధన లేదు. అనుమానం కలిగితే ఆ అంగీకారాన్ని పక్కనపెట్టి, సాక్షులను పిలిపించి, మామూలుగానే విచారణ జరపవచ్చు. ఉపసంహరణకు ప్రత్యేక సెక్షన్ లేకపోయినా, దానికి చోటు కల్పిస్తున్నది ఈ విచక్షణే.

హత్య వంటి, మరణశిక్షకు అవకాశమున్న కేసుల్లో ఈ విచక్షణను న్యాయస్థానాలు దీర్ఘకాలంగా ఒకే రీతిలో వినియోగిస్తున్నాయి. నిందితుడు ఒప్పుకున్నా, ఆ మాట మీదే ఆధారపడకుండా ప్రాసిక్యూషన్‌ను సాక్ష్యం చూపమంటాయి. ఒక మనిషి ప్రాణం తీయడమన్నది వాస్తవం కావచ్చు. అది హత్యా, హత్య కిందికి రాని ప్రాణహరణమా, ఆత్మరక్షణలో జరిగినదా అన్నది చట్టానికి సంబంధించిన ప్రశ్న. దానికి సామాన్యుడు ‘అవును’ అన్న ఒక్క మాటతో జవాబు చెప్పలేడు.

మాట ఎవరిది? రాసింది ఎవరు?

ఒక వ్యక్తి ‘కొట్టిన మాట నిజమే, కానీ ముందు అతనే కర్ర తీశాడు’ అన్నాడనుకుందాం. ఇది నేరాంగీకారం కాదు. ఆత్మరక్షణ వాదన. మరొకరు ‘సైకిల్ తీసుకెళ్లాను, మా అన్నదే అనుకున్నాను’ అంటారు. దొంగతనానికి అవసరమైన దురుద్దేశం ఆ మాటలో లేదు. ఈ రెండింటినీ కోర్టు రికార్డులో ‘నిందితుడు నేరం అంగీకరించాడు’ అని ఒక్క వాక్యంలో రాసేస్తే, ఆ మనుషులు అనని మాటకు శిక్ష పడినట్లవుతుంది.

అందుకే నిందితుడి మాటలనే రాయాలన్న నియమం లాంఛనం కాదని, తప్పనిసరి అని 1960ల మధ్యలో మహంత్ కౌశల్యాదాస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. ఆ నియమాన్ని ఉల్లంఘిస్తే విచారణ చెల్లకుండా పోతుందని తేల్చింది. నేరాంగీకారాన్ని సవాలు చేసే పిటిషన్లలో నేటికీ తరచుగా ఉదహరించే తీర్పు ఇది. ముందే అచ్చువేసిన ఫారంలో ఖాళీలు నింపి సంతకం తీసుకున్న సందర్భాల్లో, పలువురు నిందితుల జవాబులను ఒకే వాక్యంలో కలిపి రాసిన సందర్భాల్లో ఈ సూత్రం నిందితులకు ఆధారంగా నిలుస్తుంది.

అంగీకారం చెల్లాలంటే అది స్పష్టంగా, షరతులు లేకుండా, స్వచ్ఛందంగా ఉండాలి. అభియోగం నిందితుడికి తెలిసిన భాషలో వివరించి ఉండాలి. ఒప్పుకుంటే ఏమవుతుందో ఆయనకు తెలిసి ఉండాలి. ఉపసంహరణ కోరే వ్యక్తి చూపవలసిన కారణాలు కూడా ఇవే. భాష అర్థం కాలేదని, న్యాయవాది లేరని, భయపెట్టారని, ఆశ చూపారని, మానసిక స్థితి సరిగా లేదని, చెప్పినదొకటి రాసినదొకటని.

చేయని నేరాన్ని ఎందుకు ఒప్పుకుంటారు?

బయటి నుంచి చూసేవారికి ఈ ప్రశ్న సహజంగానే కలుగుతుంది. విచారణ ఖైదీల పరిస్థితి చూస్తే జవాబు దొరుకుతుంది. ఏడాదికి మించని శిక్ష ఉన్న కేసులో, బెయిలుకు పూచీకత్తు ఇచ్చేవారు లేక, ఎనిమిది నెలలుగా జైలులో ఉన్న కూలీని ఊహించుకుంటే సరిపోతుంది. విచారణ కోరితే మరెన్ని వాయిదాలో తెలియదు. ఒప్పుకుంటే, ఇప్పటికే గడిపిన కాలాన్ని 468వ సెక్షన్ కింద శిక్షలో మినహాయించి, ఆ సాయంత్రమే ఇంటికి పంపవచ్చు. జైళ్లలో నిర్వహించే లోక్ అదాలత్‌లలో చిన్న కేసుల విచారణ ఖైదీలు ఇలా ఒప్పుకుని విడుదల కావడం కొత్త కాదు. నిజంగా నేరం చేసినవారికి ఇది ఉపశమనమే. చేయనివారికి మాత్రం స్వేచ్ఛకు చెల్లించిన మూల్యం.

ఆ మూల్యం విడుదలతో తీరిపోదు. ప్రభుత్వ ఉద్యోగానికి ధ్రువీకరణ పత్రం నింపేటప్పుడు శిక్ష విషయం తెలపవలసి ఉంటుంది. దాచిపెడితే అదే మరో సమస్య అవుతుంది. ఇలాంటి కేసుల్లో యాజమాన్యాలు ఏయే అంశాలు చూడాలో 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వివరించింది. మరోసారి కేసు నమోదైతే పాత శిక్ష కొత్త శిక్షను పెంచుతుంది. ఉదాహరణకు, మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ కింద మద్యం తాగి వాహనం నడిపిన మొదటి నేరానికి ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా లేదా రెండూ ఉంటాయి. మళ్లీ దొరికితే శిక్ష రెండేళ్ల వరకు, జరిమానా 15,000 రూపాయలకు పెరుగుతాయి. హైదరాబాద్ వంటి నగరాల్లో ఈ కేసుల్లో పట్టుబడినవారు మొదటి వాయిదాలోనే ఒప్పుకుని జరిమానా కట్టి వెళ్లడం సర్వసాధారణం. తాము దోషులుగా నమోదయ్యామన్న సంగతి అప్పుడు వారికి స్ఫురించకపోవచ్చు.

ఒప్పుకుంటే తప్ప బయటపడలేమన్న ఒత్తిడిని తగ్గించే నిబంధన కూడా కొత్త చట్టంలో ఉంది. మరణశిక్ష, యావజ్జీవ శిక్ష పడే నేరాలు మినహా మిగిలిన వాటిలో, తొలిసారి కేసులో చిక్కుకున్న విచారణ ఖైదీ గరిష్ఠ శిక్షలో మూడోవంతు కాలం జైలులో గడిపితే బెయిలుపై విడుదల చేయాలని 479వ సెక్షన్ చెబుతోంది. మిగిలినవారికి ఇది సగం కాలం. ఒకటికి మించి కేసులు పెండింగులో ఉన్నవారికి ఈ వెసులుబాటు వర్తించదు. కొత్త చట్టం రాకముందు నమోదైన కేసుల్లోని ఖైదీలకూ ఈ నిబంధన వర్తిస్తుందని 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. పైన చెప్పిన కూలీ వంటివారు నేరం ఒప్పుకోకుండానే బయటకు రాగల మార్గం ఇది.

తీర్పుకు ముందు

నేరం ఒప్పుకున్నట్లు నమోదైనా, న్యాయమూర్తి ఇంకా దోషిగా నిర్ధారించకపోతే ఉపసంహరణకు అదే సరైన సమయం. నిందితుడు స్వయంగా నోటిమాటగా చెప్పవచ్చు. న్యాయవాది ద్వారా కారణాలు వివరిస్తూ మెమో లేదా పిటిషన్ దాఖలు చేస్తే రికార్డులో నిలుస్తుంది. అనుమతించడం, అనుమతించకపోవడం న్యాయస్థానం విచక్షణ. అయితే నిందితుడు తన మాటకు కట్టుబడి లేనని చెబుతున్నప్పుడు, అంతకుముందు మాట మీదే శిక్షించడం కన్నా విచారణ జరిపి సాక్ష్యం చూడడమే సురక్షితమైన మార్గం. ఉపసంహరణను అంగీకరిస్తే నిందితుడు నిర్దోషిగా విడుదల కాడు. నేరాన్ని నిరూపించవలసిన భారం తిరిగి ప్రాసిక్యూషన్ మీద పడుతుంది. అంతే.

దేశమంతా గమనించిన ఒక కేసులో ఈ జాగ్రత్త ఎంత అవసరమో కనిపించింది. 2008 నవంబరు 26న ముంబయిపై జరిగిన ఉగ్రదాడిలో ప్రాణాలతో పట్టుబడిన అజ్మల్ కసబ్, మేజిస్ట్రేట్ ఎదుట ఇచ్చిన వాంగ్మూలాన్ని విచారణ మొదట్లోనే కాదన్నాడు. 2009 మేలో అభియోగాలను తోసిపుచ్చాడు. అదే ఏడాది జూలై 20న, విచారణ సాగుతుండగా, హఠాత్తుగా లేచి నేరం ఒప్పుకుంటానన్నాడు. డిసెంబరులో మళ్లీ మాట మార్చి, తనను ఇరికించారన్నాడు.

ప్రత్యేక న్యాయమూర్తి ఎం.ఎల్. తహల్యానీ జూలైలోనే అంగీకారం మీద కేసు ముగించి ఉంటే, డిసెంబరు నాటి మలుపు పెద్ద చిక్కు తెచ్చిపెట్టేది. ఆయన అలా చేయలేదు. నిందితుడి మాటలు అభియోగాలన్నింటికీ పూర్తి అంగీకారం కాదని గుర్తించి, ఆ ప్రకటనను రికార్డులో ఉంచి, విచారణ కొనసాగించారు. సాక్షులు, కెమెరా దృశ్యాలు, ఛాయాచిత్రాలు, ఇతర ఆధారాలన్నీ కోర్టు ముందుకు వచ్చాయి. 2010 మేలో శిక్ష ఖరారైంది. 2012 ఆగస్టు 29న సుప్రీంకోర్టు దానిని ధ్రువీకరించింది. నిందితుడు మాట మార్చినా తీర్పు నిలిచింది. అరెస్టయిన వ్యక్తిని తొలిసారి హాజరుపరచినప్పుడే న్యాయవాదిని పొందే హక్కు గురించి మేజిస్ట్రేట్ తెలపాలని సుప్రీంకోర్టు నిర్దేశించింది కూడా ఆ తీర్పులోనే.

తీర్పు తరువాత

దోషిగా నిర్ధారిస్తూ తీర్పుపై సంతకం చేసిన తరువాత, అక్షర దోషాలు, లెక్కల పొరపాట్లు సరిదిద్దడం తప్ప, ఆ కోర్టే తన తీర్పును మార్చడానికి వీల్లేదని 403వ సెక్షన్ చెబుతోంది. కనుక ‘ఒప్పుకోలును వెనక్కి తీసుకుంటున్నాను’ అంటూ అదే మేజిస్ట్రేట్‌ను ఆశ్రయించి ప్రయోజనం లేదు. పై కోర్టుకు వెళ్లాలి. అక్కడ 416వ సెక్షన్ ఎదురవుతుంది. నేరం ఒప్పుకున్నందువల్ల పడిన శిక్షపై, ఆ శిక్ష పరిమాణం లేదా చట్టబద్ధత మేరకు తప్ప, అప్పీలు ఉండదు. అంటే, ‘శిక్ష ఎక్కువైంది’ అనవచ్చు, ‘నేను నేరం చేయలేదు’ అనడానికి అప్పీలులో చోటు లేదు.

ఈ అడ్డంకి నిజమైన నేరాంగీకారానికే వర్తిస్తుందని హైకోర్టులు పలు సందర్భాల్లో చెప్పాయి. అసలు అంగీకారమే చెల్లనప్పుడు, అంటే మోసంతోనో, బెదిరింపుతోనో, అర్థం తెలియకుండానో జరిగినప్పుడు, దాని మీద నిలబడిన శిక్షను ప్రశ్నించవచ్చు. అప్పీలుతో పాటు 438, 442 సెక్షన్ల కింద రివిజన్ పిటిషన్, 528వ సెక్షన్ కింద హైకోర్టు స్వతస్సిద్ధ అధికారాలు ఇందుకు మార్గాలు. గడువులు మాత్రం పరిమితం. మేజిస్ట్రేట్ తీర్పుపై సెషన్స్ కోర్టుకు అప్పీలు 30 రోజుల్లో, హైకోర్టుకు అప్పీలు 60 రోజుల్లో, రివిజన్ 90 రోజుల్లో దాఖలు చేయాలి. జాప్యానికి తగిన కారణం చూపితే కోర్టు మన్నించవచ్చు.

పై కోర్టు అంగీకరించినా సాధారణంగా జరిగేది నిర్దోషిగా విడుదల కాదు. శిక్షను రద్దు చేసి, నేరాంగీకారానికి ముందున్న దశ నుంచి విచారణ జరపమని కేసును కింది కోర్టుకు పంపుతుంది.

ఆశ చూపి ఒప్పిస్తే

ఆహార కల్తీ కేసుల్లో వ్యాపారులు నేరం ఒప్పుకుని స్వల్ప శిక్షతో బయటపడే ధోరణిని 1970ల నుంచే సుప్రీంకోర్టు తప్పుబట్టింది. 1980లో కాసంభాయ్ కేసులో, లోపాయికారీ ఒప్పందంతో రాబట్టిన నేరాంగీకారం మీద శిక్ష నిలవదని చెప్పింది. అమాయకుడు సైతం దీర్ఘకాలపు విచారణకు జడిసి ఒప్పుకునే ప్రమాదం ఉందన్నది న్యాయస్థానం ఆందోళన.

ఆ తరువాత కర్ణాటకకు చెందిన తిప్పేస్వామి కేసు వచ్చింది. తేలికగా వదిలేస్తారన్న భరోసాతో నిందితుడు నేరం ఒప్పుకోగా, పై కోర్టు శిక్షను పెంచింది. ఇది రాజ్యాంగం 21వ అధికరణానికి విరుద్ధమని సుప్రీంకోర్టు తేల్చింది. భరోసా ఇచ్చి ఒప్పించి, తరువాత శిక్ష పెంచడం న్యాయం కాదు. శిక్ష చాలదని పై కోర్టు భావిస్తే, మొత్తం తీర్పును రద్దు చేసి, నిందితుడు కోరుకుంటే తన వాదన వినిపించుకునేలా కేసును విచారణకు తిప్పి పంపాలి. మాట ఇచ్చి రాబట్టిన అంగీకారానికి, ఆ మాట తప్పినప్పుడు, విలువ ఉండదన్నది ఈ తీర్పు సారాంశం.

ప్లీ బార్గెయినింగ్‌లో భిన్నమైన నియమాలు

లా కమిషన్, మలిమత్ కమిటీ సిఫార్సుల నేపథ్యంలో 2005 నాటి సవరణ ద్వారా ప్లీ బార్గెయినింగ్‌కు చట్టబద్ధత లభించింది. 2006 జూలై 5న అమలులోకి వచ్చింది. ఇప్పుడు 289 నుంచి 300 వరకు సెక్షన్లలో ఉంది. ఏడేళ్లకు మించని శిక్ష ఉన్న నేరాలకే ఇది వర్తిస్తుంది. మహిళలపై, పిల్లలపై జరిగిన నేరాలకు, దేశ సామాజిక ఆర్థిక స్థితిని దెబ్బతీసే నేరాలకు వర్తించదు. అభియోగం ఖరారైన 30 రోజుల్లో నిందితుడే దరఖాస్తు చేయాలి. న్యాయమూర్తి ఆయనను ఏకాంతంగా, ఇతర పక్షాలు లేకుండా ప్రశ్నించి, దరఖాస్తు స్వచ్ఛందమో కాదో తేల్చుకోవాలి.

మామూలు నేరాంగీకారంలో కనిపించని రెండు రక్షణలు ఇక్కడ ఉన్నాయి. దరఖాస్తు స్వచ్ఛందం కాదని తేలినా, ఇరుపక్షాల మధ్య ఒప్పందం కుదరకపోయినా, కేసు దరఖాస్తు చేసిన దశ నుంచే మామూలు విచారణకు మళ్లుతుంది. ఆ దరఖాస్తులో నిందితుడు చెప్పిన విషయాలను ఇతర అవసరాలకు వాడకూడదని 299వ సెక్షన్ నిషేధిస్తోంది. ఒప్పందం కుదిరితే శిక్ష తగ్గుతుంది. కనీస శిక్ష ఉన్న నేరాల్లో అందులో సగం, తొలిసారి నేరస్థులకు నాలుగోవంతు వరకు తగ్గించవచ్చు. అయితే ఒప్పందం మేరకు వెలువడిన తీర్పు అంతిమం. సుప్రీంకోర్టులో ప్రత్యేక అనుమతి పిటిషన్, హైకోర్టులో రిట్ పిటిషన్ తప్ప అప్పీలు లేదు.

పొరుగు దేశాల్లో

ఉపఖండంలోని దేశాల క్రిమినల్ చట్టాలకు మూలం బ్రిటిష్ పాలనలోనే ఉంది. పాకిస్తాన్, బంగ్లాదేశ్‌లలో 1898 నాటి కోడ్ సవరణలతో వాడుకలో ఉంది. ఒప్పుకున్న మాటను నమోదు చేయాలి, విచక్షణ మేరకు శిక్షించవచ్చు అన్న సూత్రమే అక్కడా కనిపిస్తుంది. నేరం ఒప్పుకున్నవారి అప్పీలుపై పరిమితి కూడా అలాంటిదే.

శ్రీలంక మాత్రం ఒక అడుగు ముందుకు వేసింది. 1979 నాటి ఆ దేశపు క్రిమినల్ ప్రొసీజర్ చట్టం 183వ సెక్షన్, మేజిస్ట్రేట్ అనుమతితో నిందితుడు శిక్ష విధించేలోగా ఎప్పుడైనా నేరాంగీకారాన్ని ఉపసంహరించుకోవచ్చునని రాతపూర్వకంగానే చెప్పింది. అప్పుడు దోషి నిర్ధారణ జరగనట్లే భావించి విచారణ సాగించాలి. హత్య కేసుల్లో అంగీకారాన్ని స్వీకరించకుండా విచారణ జరిపే అధికారాన్ని కూడా హైకోర్టు న్యాయమూర్తికి అదే చట్టం స్పష్టంగా ఇచ్చింది. మన దగ్గర న్యాయమూర్తి విచక్షణకు వదిలిన అంశాన్ని అక్కడ చట్టమే పలికింది.

అమెరికాలోని తెలుగువారికి సంబంధించినంతవరకు

చదువుకు, ఉద్యోగాలకు వెళ్లిన తెలుగువారు పెద్ద సంఖ్యలో ఉన్న అమెరికాలో, క్రిమినల్ కేసుల్లో అత్యధిక భాగం విచారణ దాకా వెళ్లకుండా నేరాంగీకారంతోనే ముగుస్తాయి. అక్కడి ఫెడరల్ నియమావళి 11వ నియమం ఉపసంహరణను మూడు దశలుగా విభజించింది. కోర్టు అంగీకారాన్ని స్వీకరించక ముందు ఏ కారణంతోనైనా, కారణం చెప్పకుండానైనా వెనక్కి తీసుకోవచ్చు. స్వీకరించిన తరువాత, శిక్షకు ముందు అయితే న్యాయమైన కారణం చూపాలి. శిక్ష పడ్డాక అప్పీలులోనో, ఆ శిక్షపై విడిగా వేసే పిటిషన్‌లోనో సవాలు చేయడమే మార్గం. రాష్ట్రాల కోర్టులకు వాటి సొంత నియమాలు ఉంటాయి.

వీసాపై ఉన్నవారికి శిక్ష కన్నా దేశ బహిష్కరణే పెద్ద ప్రమాదం. నేరం ఒప్పుకుంటే బహిష్కరణ ముప్పు ఉంటుందని న్యాయవాది తన కక్షిదారుకు చెప్పి తీరాలని 2010లో పాడిల్లా కేసులో అమెరికా సుప్రీంకోర్టు చెప్పింది. ఆ విషయంలో న్యాయవాది తప్పుడు సలహా నమ్మి ఒప్పుకున్న ఒక వలసదారు శిక్షను 2017లో లీ కేసులో పక్కనపెట్టింది. చిన్న దుకాణంలో జరిగిన దొంగతనం కేసయినా, ఇమిగ్రేషన్ నిపుణుడి సలహా లేకుండా ఒప్పుకోవడం విద్యార్థులకు క్షేమం కాదు.

ఒప్పుకునే ముందు తెలుసుకోవలసినవి

అభియోగం అర్థం కాకపోతే తెలిసిన భాషలో మళ్లీ వివరించమని అడిగే హక్కు నిందితుడికి ఉంది. న్యాయవాదితో మాట్లాడేందుకు వ్యవధి కోరవచ్చు. జవాబు చెప్పకుండా ఉండవచ్చు. అప్పుడు న్యాయస్థానం విచారణకే వెళుతుంది. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పాలని ఎవరినీ నిర్బంధించరాదని రాజ్యాంగం 20వ అధికరణం మూడవ క్లాజు హామీ ఇస్తోంది. ఒప్పుకుంటూనే ఏదైనా వివరణ ఇవ్వదలిస్తే ఆ వివరణ కూడా రికార్డులో రాయించుకోవాలి. ఏం రాశారో చదివించుకున్న తరువాతే సంతకం చేయాలి.

న్యాయవాదిని పెట్టుకునే స్తోమత లేనివారికి ఉచిత న్యాయసహాయం రాజ్యాంగం ఇచ్చిన హక్కు. ఈ హక్కు ఉందన్న సంగతే చెప్పకుండా న్యాయవాది లేని నిందితుడిని విచారించి వేసిన శిక్షను 1986లో సుక్ దాస్ కేసులో సుప్రీంకోర్టు రద్దు చేసింది. న్యాయసేవల ప్రాధికార చట్టం ప్రకారం మహిళలు, షెడ్యూల్డు కులాలు, తెగలవారు, కస్టడీలో ఉన్నవారు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఈ సహాయానికి అర్హులు. ప్రతి జిల్లా కోర్టు ప్రాంగణంలో జిల్లా న్యాయసేవాధికార సంస్థ ఉంటుంది. జాతీయ న్యాయసేవల ప్రాధికార సంస్థ ఉచిత ఫోన్ నంబరు 15100.

ఒప్పుకున్న తరువాత పశ్చాత్తాపం కలిగితే, ఆలస్యం చేయకపోవడమే ముఖ్యం. తీర్పుకు ముందు రోజు మెమో రూపంలో చెప్పగలిగే మాటను, తీర్పు వచ్చిన మర్నాడు చెప్పాలంటే పై కోర్టు మెట్లు ఎక్కాలి.